సున్నపుతేట చెప్పిన రెండు చర్చిల కథ

సున్నపుతేట ప్రయోగం మీ అందరికీ తెలిసినదే. పరీక్షనాళికలో కొద్దిగా సున్నపుతేట పోసి, గాజుగొట్టంతో అందులోకి ఊపిరి ఊదుతాం. అద్దంలా ఉన్న తేట కాసేపట్లో పాలలా తెల్లబడుతుంది. "మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడు ఉంది" అని నోటుపుస్తకంలో రాసుకుని, నాళిక కడిగేసి, గంట కొట్టగానే బయటికి పరుగెత్తుతాం. ఏళ్ల తరబడి ఈ ప్రయోగం చేయిస్తున్న నేను కూడా చాలాకాలం అంతటితోనే ఆగిపోయాను.

ఒకసారి అలా ఆగడం కుదరలేదు. అప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. వేసవి సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి గది తలుపు తీస్తే, మొదటి వరుస బల్లమీద పళ్లెమంత కాంక్రీటు పెచ్చు పడి ఉంది. పైకి చూస్తే స్లాబులోంచి ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. తాపీ మేస్త్రి నిచ్చెనెక్కి తాకితే, వాటిమీది తుప్పు అప్పడంలా పొరలు పొరలుగా రాలింది. ఆ బల్లమీద కూర్చోవలసిన పిల్లలు ఇంకా బడికి రాలేదు కాబట్టి సరిపోయింది.

ఆ స్లాబు వయసు పాతికేళ్లు. అదే ఊళ్లో గుల్లసున్నంతో కట్టిన తాతలనాటి గోడ ఒకటి ఎండకూ వానకూ నిక్షేపంగా నిలబడి ఉంది. రాయిలాంటి కాంక్రీటు పెచ్చులూడడమేమిటి? గోటితో గీకితే పొడిరాలే సున్నం నిలవడమేమిటి?

జవాబు మన సున్నపుతేటలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి రెండు చర్చిలను చూసి వద్దాం. ఒకటి మన తెలుగునేలమీద మెదక్‌లో ఉంది. రెండోది ఫ్రాన్సు దేశంలో ఉంది. ఒకటి 1923లో, మరొకటి 1924లో పూర్తయ్యాయి. వయసు ఒకటే అయినా వాటి ఒంటి తీరు వేరు.

కరవురోజుల్లో లేచిన గోపురం

మెదక్ చర్చి పని 1914లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనదీ ఆ సంవత్సరమే. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండు మిషనరీ ఈ పనికి పూనుకున్నాడు. ఆ ప్రాంతాన్ని కరవు పీడిస్తున్న రోజులవి. చర్చి కట్టడం వల్ల ఎందరికో పనీ, పనితోపాటు తిండీ దొరికాయి. పదేళ్ల తర్వాత, 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు చర్చి ప్రారంభమైంది. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంటగోపురం ఎత్తు 175 అడుగులు. ఇది కాథలిక్ చర్చి కాదు. మెథడిస్టు మిషనరీలు కట్టినది. ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘానికి, అంటే సి.ఎస్.ఐ.కి చెందినది.

దీన్ని రాతితో, డంగుసున్నంతో కట్టారు. అంత వెడల్పైన కట్టడాన్ని రాతితో ఎలా నిలిపారు? ఇది తెలియాలంటే రాయి స్వభావం తెలియాలి.

ఒక సుద్దముక్క తీసుకోండి. బల్లమీద నిలువుగా నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. ఇప్పుడు రెండు చివరలూ పట్టుకుని వంచండి. టక్కున విరుగుతుంది. వంచినప్పుడు ఒక పక్క నొక్కుకుంటుంది, ఎదుటి పక్క సాగుతుంది. పగులు మొదలయ్యేది సాగే పక్కనే. రాయి గుణమూ ఇదే. నొక్కుడుకు, అంటే సంపీడనానికి ఓరుస్తుంది. లాగుడుకు, అంటే తన్యతకు ఓర్వదు.

కాబట్టి రాతి కట్టడంలో ప్రతి రాయీ నొక్కుడులోనే ఉండేటట్టు చూడాలి. అందుకు ఉపాయం కమాను. ఒక గొలుసును రెండు చేతులతో పట్టుకుని వేలాడదీయండి. గొలుసులో ప్రతి కొక్కెమూ లాగుడులోనే ఉంటుంది. ఆ వంపును మనసులోనే తలకిందులు చేయండి. లాగుడంతా నొక్కుడుగా మారిపోతుంది! నిలబడగల కమాను ఆకారం అదే. ఈ సంగతిని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1675లో ప్రకటించాడు. మీరు భౌతికశాస్త్రంలో చదివే స్ప్రింగుల హుక్ ఈయనే.

అయితే కమానుకు ఒక చెడ్డగుణం ఉంది. అది తన కాళ్లను ఎప్పుడూ పక్కలకు నెడుతుంటుంది. ఆ నెట్టుడును ఆపడానికి మందమైన గోడలో, గోడకు ఆనించిన ఊతకట్లో కావాలి. మెదక్ చర్చి కట్టిన గోతిక్ పద్ధతిలో కమానులకు మొనదేలిన శిఖరం ఉంటుంది. అందువల్ల బరువు ఎక్కువగా కిందికీ, తక్కువగా పక్కలకూ పోతుంది. అయినా గోడలకు మందం తప్పదు.

సున్నం రాయి అయ్యే వైనం

రాళ్లను పట్టి ఉంచిన డంగుసున్నం సంగతి చూద్దాం. సున్నపురాయినిగాని, మన తీరంలో దొరికే గుల్లలనుగాని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, వాటిలోని కాల్షియం కార్బొనేటు నుంచి కార్బన్ డయాక్సైడు విడిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది బుసబుస పొంగి, వేడెక్కి, కాల్షియం హైడ్రాక్సైడుగా మారుతుంది. దానికి ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రాతిచక్రం కింద బాగా నూరితే డంగుసున్నం తయారవుతుంది. కొన్నిచోట్ల బెల్లపునీళ్లు, కరక్కాయ రసం కూడా కలిపేవారు.

ఈ మెత్తని ముద్ద గోడలో చేరాక ఏమవుతుంది? గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా తీసుకుంటుంది.

కాల్షియం హైడ్రాక్సైడు + కార్బన్ డయాక్సైడు → కాల్షియం కార్బొనేటు + నీరు

గుర్తుపట్టారా? మీ పరీక్షనాళికలో జరిగినది అక్షరాలా ఇదే. తేట తెల్లబడటానికి కారణం కాల్షియం కార్బొనేటు. బట్టీలో ఏ రాయిగా బయలుదేరిందో, గోడలో మళ్లీ అదే రాయిగా మారిందన్నమాట. పరీక్షనాళికలో నిమిషం పట్టిన మార్పు గోడ లోపలికి చేరడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. అందుకే సున్నపు కట్టడం ముదిరేకొద్దీ గట్టిపడుతుందని పెద్దలు అంటారు. ఆ మాటలో రసాయనశాస్త్రం ఉంది.

యుద్ధం తర్వాత ఒక పారిష్ చర్చి

ఇక ఫ్రాన్సుకు వెళదాం. పారిస్ నగరానికి తూర్పున లె రాన్సీ అనే పట్టణం ఉంది. అక్కడి నోత్ర్ దామ్ చర్చి ఒక కాథలిక్ పారిష్ చర్చి. పారిష్ అంటే ఒక గురువు ఆధ్వర్యంలో ఉండే విశ్వాసుల ఊరో పేటో అనుకోండి. అలాంటి పారిష్‌లు కొన్ని కలిసి ఒక బిషప్పు కింద ఉంటే అది డయోసీసు. మన ఉత్తరాంధ్రకు కాథలిక్ మిషనరీలు ఫ్రాన్సు సరిహద్దులోని సవాయ్ ప్రాంతం నుంచి 1846లో వచ్చి విశాఖపట్నంలో దిగారు. 1993లో శ్రీకాకుళం వేరే డయోసీసు అయింది. ఇప్పుడు మన రెండు జిల్లాల్లో పారిష్ చర్చిలను చాలాచోట్ల చూడవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. 1914 సెప్టెంబరులో ఆ ప్రాంతంలో ఊర్క్ నది దగ్గర జరిగిన పోరులో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం చర్చి కట్టాలని లె రాన్సీ పారిష్ గురువు ఫెలిక్స్ నెగ్ర్ తలపెట్టాడు. చేతిలో డబ్బు తక్కువ. రాతితో పెద్ద చర్చి కట్టడం ఆయన తరం కాదు. ఒగుస్త్ పెరె, గుస్తావ్ పెరె అనే అన్నదమ్ములు ఆ పని తీసుకున్నారు. వారు ఎంచుకున్న పదార్థం ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు. 1922లో మొదలుపెట్టి 1923లో ముగించారు. మెదక్‌లో పదేళ్లు పట్టిన పని ఇక్కడ ఏడాది పైచిలుకులో అయిపోయింది!

లోపలికి అడుగుపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. హాలు పొడవు సుమారు 56 మీటర్లు, వెడల్పు సుమారు 20 మీటర్లు. స్తంభాల ఎత్తు 11 మీటర్లు. లావు మాత్రం అడుగున 43 సెంటీమీటర్లు, పైకి పోయేసరికి 35 సెంటీమీటర్లే. మన ఊళ్లలో తాటిచెట్టు మొదలు ఇంతకంటె లావుగా ఉంటుంది. ఇంత సన్నగా ఉండబట్టి, ఏ మూల కూర్చున్నవారికైనా బలిపీఠం కనిపిస్తుంది. పైన వంపు తిరిగిన కప్పు మందం సుమారు 5 సెంటీమీటర్లు. అంటే మీ నాలుగు వేళ్లు కలిపినంత కూడా లేదు.

మరి గోడలు? బరువంతా స్తంభాలే మోస్తున్నాయి కాబట్టి గోడలకు మోసే పని లేదు. అందుకని పెరె గోడల బదులు కాంక్రీటు జాలీలు పెట్టాడు. చతురస్రం, వృత్తం, త్రిభుజం వంటి కొద్ది ఆకారాలకు అచ్చులు చేయించి, ఆ అచ్చుల్లోనే మళ్లీ మళ్లీ పలకలు పోసి, వాటి కన్నాల్లో రంగుగాజు అమర్చారు. గాజుపని మార్గరిత్ యురె అనే కళాకారిణిది. కొద్ది అచ్చులతో ఎన్నో పలకలు వచ్చాయి కాబట్టి ఖర్చు తగ్గింది. నాలుగు పక్కలా రంగుల వెలుగు నిండింది. గీతలు పడ్డ కాంక్రీటును సున్నం కొట్టి దాచకుండా, చెక్కల్లోంచి తీసినది తీసినట్టే వదిలేశారు. చర్చిని ఇలా కట్టవచ్చునని ఐరోపాకు చూపినది ఈ చర్చే.

ఇనుముకు కాంక్రీటు కవచం

ఇంత సన్నగా ఎలా నిలిచింది? కాంక్రీటు కూడా సుద్దముక్కలాంటిదే. దాని లాగుడు బలం నొక్కుడు బలంలో సుమారు పదోవంతు మాత్రమే. ఇనుము లాగుడుకు బాగా ఓరుస్తుంది. సాగే పక్కన ఇనుప చువ్వలు పెడితే ఆ లోపం తీరిపోతుంది. మీ ఇంటి స్లాబు బరువుకు కిందికి వంగాలని చూస్తుంది. అప్పుడు సాగేది దాని అడుగుభాగం. అందుకే చువ్వలను స్లాబు అడుగుకు దగ్గరగా వేస్తారు. పూలకుండీలు పగలకుండా ఉండాలని ఇనుపతీగ వేసి, 1867లో ఈ పద్ధతికి పేటెంటు పొందినవారిలో ఒకడు జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి!

ఇనుమూ కాంక్రీటూ ఎండకు దాదాపు ఒకే పాళ్లలో వ్యాకోచిస్తాయి. కాబట్టి ఒకదాన్నొకటి వదలవు. దీనికి మించిన స్నేహం ఇంకొకటి ఉంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు కూడా పుడుతుంది. అది బలమైన క్షారం. దానివల్ల కాంక్రీటు లోపలి తేమ పి.హెచ్. విలువ 12 పైనే ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కాంక్రీటు ఇనుముకు తొడిగిన కవచం ఇదే.

అదే చర్య, ఎదురు ఫలితం

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. కాంక్రీటులో కాల్షియం హైడ్రాక్సైడు ఉంది. బయట గాలిలో కార్బన్ డయాక్సైడు ఉంది. రెండూ కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సున్నపుతేట తెల్లబడుతుంది!

కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా గాలి చొరబడుతుంది. పైపొరలోని క్షారం కాల్షియం కార్బొనేటుగా మారిపోతుంది. ఆ మార్పు ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి పాకుతుంది. మారిన భాగంలో పి.హెచ్. 9 కంటె తగ్గుతుంది. అది చువ్వదాకా చేరిన రోజున కవచం పోతుంది. తేమా ఆక్సిజనూ తగిలి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు రెట్లనుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచే పగిలి పెచ్చులుగా ఊడుతుంది.

చూశారా! మెదక్‌లో సున్నాన్ని రాయిగా మార్చిన చర్యే లె రాన్సీలో ఇనుముకు కవచం తీసేసింది. సున్నపు గోడలో కాపాడుకోవలసిన ఇనుము లేదు కాబట్టి అక్కడ ఆ చర్య మేలు చేసింది. కాంక్రీటులో ఇనుము ఉంది కాబట్టి కీడు చేసింది.

లె రాన్సీ చర్చిని 1966లో జాతీయ స్మారకకట్టడంగా గుర్తించారు. కాని అప్పటికే దాని ఒళ్లు పాడవుతోంది. సన్నని జాలీ పలకల్లో చువ్వల మీద ఉన్న కాంక్రీటు మందం బహు తక్కువ. గాలి త్వరగా లోపలికి చేరింది, చువ్వలు ఉబ్బాయి, పలకలు పగిలాయి. 1980ల చివరా 1990లలోనూ పెద్ద మరమ్మతు చేసి, పాడైన పలకలు తీసి, అదే నమూనాలో కొత్తవి పోసి పెట్టవలసి వచ్చింది. పెరె తప్పు చేశాడని మనం తొందరపడి అనరాదు. ఆ రోజుల్లో ఈ సంగతి అనుభవంలోకి రాలేదు. సన్నదనంలో ఎంత అందముందో, అంత ముప్పూ ఉందని ఆ చర్చే లోకానికి నేర్పింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఈ మార్పు లోపలికి పాకే దూరం సుమారుగా కాలం వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. ఒక కాంక్రీటులో 4 సంవత్సరాలకు 6 మిల్లీమీటర్లు పాకిందనుకోండి. 12 మిల్లీమీటర్లు పాకడానికి 8 సంవత్సరాలు కాదు, 16 పడుతుంది. 24 మిల్లీమీటర్లకు 64 సంవత్సరాలు పడుతుంది. అంటే చువ్వ మీద కాంక్రీటు మందం రెట్టింపు చేస్తే ఆయుష్షు నాలుగు రెట్లు అవుతుంది. ఒక్క వేలి మందం ఒక తరాన్ని కాపాడుతుందన్నమాట.

సముద్రపు గాలి సంగతి

ఒగుస్త్ పెరె కథ లె రాన్సీతో ముగియలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 సెప్టెంబరులో ఫ్రాన్సులోని రేవుపట్టణం లె హావర్ బాంబుల కింద నేలమట్టమైంది. దాన్ని తిరిగి కట్టే భారం పెరె మీద పడింది. యుద్ధంలో చనిపోయిన పట్టణవాసుల జ్ఞాపకంగా ఆయన సెయింట్ జోసెఫ్ చర్చిని రూపొందించాడు. 1951లో పని మొదలైంది. చర్చి పూర్తికాకుండానే, 1954లో ఆయన కన్నుమూశాడు. 107 మీటర్ల ఎత్తున ఎనిమిది పలకల గోపురం, అందులో 12,768 రంగుగాజు ముక్కలు. ఇక్కడా గాజుపని మార్గరిత్ యురెదే. 2005లో ఆ పట్టణం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

లె హావర్ చర్చి సముద్రానికి దగ్గరలోనే ఉంది. ఇక్కడ మన కళింగపట్నం, బారువ, భావనపాడు, కోనాడ గుర్తుకు రావాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు అయాన్లు కాంక్రీటులోకి దిగి చువ్వను చేరితే, క్షారం ఇంకా మిగిలి ఉన్నా సరే, ఆ పలుచని కవచాన్ని చిల్లులు పొడుస్తాయి. ఒడ్డున ఉన్న కట్టడానికి ఇద్దరు శత్రువులు: గాలి ఒకటి, ఉప్పు ఒకటి. ఇక సముద్రపు ఇసుకతో, ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే శత్రువును మనమే ఇంట్లోకి పిలిచినట్టు.

మా బడి స్లాబుకు జరిగినది ఇదే. మేస్త్రి పెచ్చును కొలిచి చూపించాడు. చువ్వ మీద కాంక్రీటు మందం చిటికెనవేలంత కూడా లేదు. చువ్వల కింద దిమ్మలు పెట్టకుండా, చెక్కల మీదే పరిచి కాంక్రీటు పోశారు. 2000లో సవరించిన మన దేశపు నియమావళి ఐ.ఎస్. 456 ప్రకారం, సాధారణ వాతావరణంలో చువ్వ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. సముద్రతీరపు గాలి నేరుగా తగిలేచోట 45 మిల్లీమీటర్లు ఉండాలి. నీళ్లు ఎక్కువ పోసి పలుచగా కలిపిన కాంక్రీటులో నీరు ఆరాక రంధ్రాలు మిగులుతాయి. గాలికీ ఉప్పుకూ అవే దారులు. పోసిన తర్వాత కనీసం వారం రోజులు తడుపుతూ ఉండకపోయినా అంతే.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి పాకల్లో ఉన్నవారు ఎక్కడికి పరుగెత్తుతారు? బడికి, గుడికి, చర్చికి, ఊళ్లో స్లాబు ఉన్న ఇంటికి. ఆ స్లాబు ఆ రాత్రి ఓర్చుకుంటుందా లేదా అన్నది, అది పోసిన రోజున చువ్వ కింద దిమ్మ పెట్టారా లేదా అన్నదానితోనే చాలావరకు తేలిపోతుంది.

మీరే చేసి చూడండి

మూడు పరీక్షనాళికలు తీసుకోండి. ఒకదానిలో మామూలు నీరు, రెండోదానిలో ఉప్పునీరు, మూడోదానిలో సున్నపుతేట పోయండి. ఒక్కొక్కదానిలో గరుకుకాగితంతో రుద్దిన ఇనుపమేకు వేయండి. మూడోదాని మూతి బిరడాతో గట్టిగా మూయండి. లేకపోతే గాలి తగిలి సున్నపుతేట పాడవుతుంది. అలా ఎందుకు పాడవుతుందో మీకిప్పుడు తెలుసు! పది రోజుల తర్వాత మూడు మేకులనూ పోల్చి పట్టిక రాయండి.

రెండో ప్రయోగం మీ ఉపాధ్యాయుల సమక్షంలో చేయండి. ఎక్కడైనా ఊడి పడిన కాంక్రీటు పెచ్చు దొరికితే దాన్ని కొత్తగా పగలగొట్టించి, ఆ ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేయండి. క్షారం మిగిలినచోట గులాబిరంగు వస్తుంది. గాలి తినేసినచోట రంగు రాదు. రంగు రాని అంచు మందాన్ని స్కేలుతో కొలవండి. ఇంజనీర్లు పెద్ద పెద్ద వంతెనలను పరీక్షించేటప్పుడు వాడే పద్ధతుల్లో ఇదొకటి. కొత్త పెచ్చు కోసం మాత్రం స్లాబును గిల్లకండి!

ఇంటికి వెళ్లాక ఒకసారి తల ఎత్తి చూడండి. స్లాబు అడుగున చువ్వల దారినే సాగిన సన్నని పగులుగాని, గోధుమరంగు మరకగాని కనిపిస్తే పెద్దవాళ్లకు చెప్పండి. పగులు సన్నగా ఉండగానే తుప్పు గీకించి మరమ్మతు చేయిస్తే తక్కువలో పోతుంది.

మా తొమ్మిదో తరగతి గదికి అలాగే మరమ్మతు చేయించాం. ఆనాటి నుంచి నేను సున్నపుతేట ప్రయోగం అయిన వెంటనే నాళికలు కడగనివ్వను. అడుగున తెల్లటి మడ్డి దిగేదాకా ఉంచి, పిల్లలందరి చేతా చూపిస్తాను. మెదక్‌లో రాళ్లను పట్టి ఉంచినదీ అదే, లె రాన్సీలో ఇనుమును ఒంటరిని చేసినదీ అదే, మా బల్లమీద పెచ్చును పడేసిన దోషుల్లో ఒకటీ అదే. రేపు మీ తరగతిలో ఈ ప్రయోగం చేసినప్పుడు మీరూ కాసేపు ఆగి చూడండి.